దారి మీద నాన్న పేరు

వరంగల్,
18 ఆగస్టు 2025

తమ్ముడు ఓంప్రకాశ్‌కు అక్క రాస్తున్నది,

అందరం క్షేమం అని ప్రతి ఉత్తరంలో ఊరికే రాసేస్తాం. ఈసారి నిజంగానే అందరం క్షేమం కనుక రాస్తున్నాను. ముందు ఈ ముక్క చదివి ఊపిరి పీల్చుకో. మిగతాది తర్వాత చదువు.

గురువారం పొద్దున మన దుకాణం ముందరి గుంతలో యాకయ్య ఆటో పక్కకు పడిపోయింది. ఆటో నిండా బడిపిల్లలు. నేను అప్పుడే షట్టరు ఎత్తి వాకిట్లో నీళ్లు చల్లుతున్నాను. ఆ చప్పుడుకు చేతిలో చెంబు ఎటు పోయిందో తెలియదు. ఉరికి చూస్తే ఏముంది, పిల్లలు ఒకరి మీద ఒకరు పడి పకపకా నవ్వుతున్నారు! ఒక్కరికి గోరంత దెబ్బ తగల్లేదు. హమ్మయ్య అనుకుని ఆ బురదలోనే కూర్చుండిపోయాను. నష్టమల్లా ఒక టిఫిన్ బాక్సుకు సొట్ట పడింది. అది మన స్టీలు సామాన్ల దుకాణంలో కొన్నదే, దాని మీద పిల్ల పేరు కొట్టింది కూడా నేనే.

పిల్లల్ని బడిలో దింపి వచ్చాక యాకయ్య నా మీదికి లేచాడు. "నీ తొవ్వ నువ్వు బాగు చేయించుకోవాలె గదక్కా! గీ పోరగాళ్లకు ఏమన్న అయితే ఎవలను అడగాలె?" అన్నాడు. యాకయ్య నన్ను అంత మాట అన్నవాడు కాదు.

మర్నాడు సెలవైపోయింది. శనివారం కూడా సెలవే. ఇవాళ కార్పొరేషన్ ఆఫీసుకు పోయి వచ్చాను. అక్కడి ఇంజనీరు మంచివాడే, కుర్చీ వేయించాడు. నాన్న మిరపకాయల గోదాము కట్టినప్పుడు లారీలు రావడానికని మెయిన్ రోడ్డు దాకా ఈ దారి జాగా కొన్నాడని, గోదాము పోయి అక్కడ ఇళ్లు, వెనకాల ఫ్లాట్లు లేచాయని, దారి మాత్రం నాన్న పేరు మీదే ఉండిపోయి ఇప్పుడు మన ఇద్దరిదీ అయిందని మొత్తం చెప్పాను. "అయితే అది ప్రైవేటు జాగా అమ్మా. దాని మీద మేం తట్టెడు కంకర పోసినా ఆడిట్లో పట్టుకుంటరు. మీ ఇద్దరు మాకు రాసిచ్చి, అప్పుడు అడగండ్రి" అన్నాడు.

రాసివ్వడం మాట నేను అనడం లేదు. అది నాన్న చెమట. కానీ మనదని చెప్పుకుంటూ గుంతలు ఎట్లా పెట్టుకుంటాం? ఖర్చు చెరిసగం పెట్టుకుని మనమే బాగు చేయిద్దాం. ఏమంటావు?

నిన్న రాత్రి ఫోన్లో నీ మోకాళ్లు, మరదలు రమ పెట్టిన మామిడికాయ తొక్కు అన్నీ మాట్లాడుకున్నాం గానీ ఈ సంగతి ఎత్తలేదని నొచ్చుకోకు. ఆస్తి మాట వస్తే ఫోన్లు వద్దు, కాగితం రాసుకోండి, కాగితం మీద అరవడం చేతకాదు అని నాన్న మన ఇద్దరితో ఒట్టు వేయించుకున్నాడు కదా. ఆయన పోయినా ఒట్టు ఒట్టే.

గుంతకు అడ్డంగా పాత డ్రమ్ము పెట్టి కాపలా కూర్చున్న
మీ అక్క
శకుంతల

*

మరిపెడ,
23 ఆగస్టు 2025

అక్కకు ఓంప్రకాశ్ నమస్కారాలు.

నీ ఉత్తరం మొదటి ముక్క చదివి నువ్వు చెప్పినట్టే ఊపిరి పీల్చుకున్నాను. చివరికి వచ్చేసరికి ఆ ఊపిరి మళ్లీ బిగుసుకుంది.

ఇక్కడ తెల్లవారక ముందే దుకాణం ముందు యూరియా లైను. మనుషుల లైను కాదు, చెప్పుల లైను. చెప్పులు లైన్లో పెట్టి మనుషులు పోయి చాయ్ హోటల్లో కూర్చుంటున్నారు. నిన్న ఇద్దరి చెప్పులు తారుమారైతే ఆ పంచాయితీ కూడా నా దగ్గరికే వచ్చింది. ఎరువుల దుకాణం పెట్టుకున్నానా, కచేరీ పెట్టుకున్నానా అని రమ నవ్వుతోంది.

సరే, దారి సంగతి. అక్కా, నువ్వు ఎప్పుడూ ఇంతే. ఎవరన్నా గట్టిగా ఒక మాట అంటే చాలు, తప్పంతా నీదే అనుకుంటావు. నువ్వా దారిలో ఎంత దూరం నడుస్తావు? దుకాణం దారి మొదట్లోనే, ఇల్లు దుకాణం మీదనే. గుంతలు నీ నడకకు పడ్డాయా? ఫ్లాట్ల వాళ్ల కార్లు, నీళ్ల ట్యాంకర్లు, గ్యాసు బండ్లు తొక్కితే పడ్డాయి. తొక్కేది వాళ్లు, పూడ్చేది మనమా? ఇదెక్కడి న్యాయం? నా దుకాణం తలుపు నేను చేయించుకుంటాను గానీ ఊరందరి బండి చక్రాలు నేను చేయించాలా?

ఒక పని చెయ్యి. గల్లీ వాళ్లందరినీ పిలిచి అడుగు. వాడుకునేవాళ్లు తలా ఇంత వేసుకుంటే పోతుంది. కాదూ కూడదూ అంటే గేటు పెట్టెయ్. మన జాగా, మన గేటు. అప్పుడు తెలుస్తుంది దారి విలువ.

కార్పొరేషన్‌కు రాసిచ్చే ముచ్చట మాత్రం కలలో కూడా వద్దు. నాన్న కొన్న భూమిలో మనకు మిగిలింది అదొక్కటే.

ఆ డ్రమ్ము తీసెయ్. రాత్రిపూట ఎవరన్నా దానికి తగులుకుంటే అదొక కొత్త పంచాయితీ.

నీ తమ్ముడు
ఓంప్రకాశ్

*

వరంగల్,
4 సెప్టెంబరు 2025

తమ్ముడికి,

నువ్వు అన్నదే నిజం. నేనే పిచ్చిదాన్ని. ఈ మాట నాతో కాగితం మీద రాయించావు, దాచిపెట్టుకో.

ఆదివారం వినాయకుడి మండపం దగ్గర అందరూ ఉంటారని అక్కడే మాట తీశాను. రామలింగం సారు, అదే మూడో ఇంటి రిటైర్డు టీచరు, అందరికంటే ముందు లేచాడు. "ఇంటి పన్ను కడుతున్నం, నీళ్ల పన్ను కడుతున్నం, బండికి రోడ్డు టాక్సు కడుతున్నం. ఇంక మీకు సుత కట్టాల్నామ్మా?" అన్నాడు. ఆయన అన్నదాంట్లో తప్పు లేదనిపించింది నాకు, చూడు నా ఖర్మ! ఫ్లాట్ల సంఘం సెక్రటరీ తేజస్వి అని ఒక పిల్ల ఉంది, కంప్యూటరు ఉద్యోగం. "ఆంటీ, మేం డబ్బులు పెట్టి రోడ్డు వేస్తే రేపు ల్యాండ్ రేటు పెరిగేది మీకే కదా" అంది. యాకయ్య తల వంచుకుని "నేను దినాం నడిపితెనే తినేటోన్ని అక్కా" అన్నాడు. ఇక ఎవరో వెనక నుంచి, మొఖం కనపడలేదు, "మేం గీ తొవ్వల నడుస్తెనే గద నీ దుకాణం నడిచేది" అన్నారు.

అది కూడా ఓర్చుకున్నాను. తర్వాతి రోజు జరిగింది మాత్రం ఓర్చుకోలేను. ఏటా వినాయకుడి అన్నదానానికి గంగాళాలు మన దుకాణం నుంచే పోతాయి కదా, నేను పైసా తీసుకోకుండా ఇస్తాను కదా. ఈసారి టెంట్ హౌజు నుంచి కిరాయికి తెచ్చుకున్నారు. పైసలు పెట్టి తెచ్చుకున్నారు గానీ ఊరికే ఇచ్చే నా దగ్గరికి రాలేదు. నా గంగాళాలు తోమి బోర్లించి పెట్టుకుని సాయంత్రం దాకా ఎదురుచూశాను. నాకు ఏడుపు వచ్చింది, దాచిపెట్టడం ఎందుకు.

అయితే గేటే. వెల్డింగ్ షాపు అఖిల్‌కు చెప్పేశాను. కొలతలు తీసుకుని పోయాడు.

ఇక ఎవరి మాటా వినను.

శకుంతల

*

మరిపెడ,
5 సెప్టెంబరు 2025

అక్కా,

ఈ ఉత్తరం చేరేసరికి నువ్వు గేటు గురించి ఆలోచిస్తూ ఉంటే, ఆ ఆలోచన మానెయ్. పోయినసారి నేను రాసిందంతా కొట్టెయ్.

రమ సంగతి ఫోన్లో చెప్పాను. మొన్న సాయంత్రం ఛాతీ పట్టేసిందని కుప్పకూలితే దవాఖానకు తీసుకుపోయామని, డాక్టరు అన్ని పరీక్షలూ చేసి "గుండె కాదు, గ్యాసు" అని పంపించాడని. ఇప్పుడు శుభ్రంగా ఉంది, నిన్న మిరపకాయ బజ్జీలు కూడా తిన్నది. కానీ దవాఖానకు ఎట్లా చేరామో నేను ఫోన్లో చెప్పలేదు. చెబితే అది దారి ముచ్చట అవుతుంది, ఒట్టు తప్పినట్టవుతుంది.

మెయిన్ రోడ్డు మీద వినాయకుల ఊరేగింపు. మా కారు ముందుకు లేదు, వెనక్కు లేదు. రమ నా భుజం మీద వాలిపోయి చెమటలు కక్కుతోంది. పక్కన రాయమల్లు రైసుమిల్లు ఉంది. ఆ మిల్లు ఆవరణలోంచి పోతే దవాఖాన వెనక గేటు. ఆ రాయమల్లుతో నాకు ఏళ్ల తరబడి మాటల్లేవు. అయినా దిగి గేటు కొట్టాను. ఆయనే వచ్చాడు. నన్ను చూశాడు, కారులోకి చూశాడు, గేటు బార్లా తెరిచాడు. "అన్నా, జర తొవ్వ..." అని నేను ఇంకా అంటూనే ఉన్నాను. "తొవ్వ అడుగుడేందయ్యా, పో పో!" అని కసిరాడు.

అక్కా, ఆ గేటుకు తాళం ఉండి ఉంటే? గేటు వద్దు. నువ్వు మొదట అన్నట్టే మనమే బాగు చేయిద్దాం. నా భాగం కొంచెం ఎక్కువే పెడతాను. వెంటనే జవాబు రాయి.

నీ తమ్ముడు
ఓంప్రకాశ్

*

వరంగల్,
12 సెప్టెంబరు 2025

ఓంప్రకాశ్‌కు,

నీ ఉత్తరం, నా ఉత్తరం దారిలో ఎక్కడో ఎదురుపడి ఉంటాయి. ఒకదాన్ని ఒకటి చూసి నవ్వుకుని ఉంటాయి.

రమ బాగున్నందుకు దేవుడికి కొబ్బరికాయ కొట్టాను. రాయమల్లు పిల్లాపాపలతో చల్లగా ఉండాలి. ఆ రెండు మాటలూ మనసారా రాస్తున్నాను.

కానీ తమ్ముడూ, నేను బాగు చేయిద్దామంటే గేటు పెట్టమన్నావు. నీ మాట విని అందరినీ పిలిచి అడిగి అవమానపడ్డాను. ఇప్పుడు గేటుకు అడ్వాన్సు ఇచ్చి స్తంభాలు పాతించాక వద్దంటున్నావు. నన్ను ఏమనుకుంటున్నావు, చక్రాల కుర్చీ అనుకుంటున్నావా, ఎటు నెడితే అటు పోవడానికి? అక్కడ నీకు రాయమల్లు గేటు తెరిచాడు. ఇక్కడ నా మొఖం చూసి ఎవరూ పలకడం లేదు. పాలపిల్ల కూడా ప్యాకెట్ గుమ్మంలో పడేసి పోతోంది. దుకాణంలో రోజంతా ఈగలు తోలుకుంటున్నాను.

బతుకమ్మ ఆడే ఆడపిల్లలు ఆ దారినే పోవాలి కాబట్టి పండగ దాకా ఊరుకుంటాను. దసరా నాడు స్తంభానికి బోర్డు, తెల్లారి గేటు. బోర్డు నేనే చేస్తున్నాను, పెద్ద స్టీలు పళ్లెం మీద, దుకాణంలో సామాన్ల మీద పేర్లు కొట్టే మిషనుతో. ఇది ఎవరి దారో దారినపోయే ప్రతివాడికీ తెలియాలి.

మోకాళ్లకు ఆ నూనె రాసుకుంటున్నావా లేదా? ఫోన్లో అడిగితే ఊ అంటావు, రాసుకోవు.

శకుంతల

*

మరిపెడ,
22 సెప్టెంబరు 2025

శ్రీమతి శకుంతల గారికి,

నిన్న మన డీసీఎం వ్యాను డ్రైవర్ గట్టయ్య సరుకు దింపడానికి వచ్చాడు. వరంగల్‌లో మీ దుకాణానికి పోయి వచ్చాడట. "అక్క ఇంత పెద్ద పళ్లెం ముంగట పెట్టుకొని పేరు కొడతాంది. ఎవలదక్కా అని అడిగితె, ఎవలదైతె వాళ్లదే అన్నది. నీ పేరైతె కాదు సేటూ, నేను తొంగి చూసిన" అని చెప్పాడు.

మంచిది. దారి మీద నాకు సగం ఉందని నేను అనుకుంటూ వచ్చాను. ఎక్కువ భాగం పెడతానని కూడా రాశాను. దానికి మీ నుంచి ఒక్క మాట రాలేదు. ఇప్పుడు మీ ఒక్కరి పేరే కొట్టుకుంటున్నారంటే నాకు అర్థమైంది.

ఇక ఆ దారి గురించి నేను సంతకం పెట్టేది లేదు, పైసా పెట్టేది లేదు, అడ్డం చెప్పేది కూడా లేదు. దసరాకు మేము రావడం లేదు. రమకు బాగుండటం లేదని నలుగురికీ చెప్పండి.

ఇట్లు
ఓంప్రకాశ్

*

వరంగల్,
4 అక్టోబరు 2025

ఒరేయ్ తమ్ముడూ,

నన్ను "గారు" అన్నావు. పుట్టి బుద్ధెరిగి నువ్వు నన్ను గారు అనలేదు. ఆ ఉత్తరం చేతిలో పట్టుకుని పండగపూట అన్నం తినకుండా కూర్చున్నాను. ఇప్పుడు ఇది చదువు. కూర్చుని చదువు. నీళ్లు తాగి చదువు.

ఆ పళ్లెం మీద నా పేరు లేదు. నీ పేరూ లేదు. నాన్న పేరు ఉంది. ఆయన కొన్న దారికి ఇంకెవరి పేరు కొడతాను? గట్టయ్యతో వంకరగా మాట్లాడింది నిజమే, ఆ రోజు నా మనసు బాగాలేదు. కానీ అసలు కథ అది కాదు.

బోర్డు మీద ఏం రాయాలో ముందే అనుకున్నాను. "కీర్తిశేషులు వెంకట్రాజం గారి స్వంత దారి. ఇతరులు రారాదు." గట్టయ్య పోయాక మిగతాది కోపంతో, కళ్లనీళ్లతో కూర్చుని కొట్టేశాను. కళ్లద్దాలు కూడా పెట్టుకోలేదు. ముప్పై ఏళ్లుగా కొడుతున్న చెయ్యి, అద్దాలు ఎందుకు? కొట్టి, పేపరులో చుట్టి అటక మీద పెట్టాను. దసరా నాడు పొద్దున ఆయుధ పూజకు మిషనుతో పాటు పళ్లేన్నీ పెట్టి, నాన్న పేరు కదా అని, అప్పుడూ అద్దాలు లేకుండానే, పసుపు, కుంకుమ పెట్టి, బంతిపూల దండ వేసి, అఖిల్‌తో స్తంభానికి బిగింపించాను. గల్లీ అంతా పండగ హడావుడిలో ఉంది. ఎవరూ చూడలేదు. నేను వచ్చి షట్టరు సగం దించుకుని లోపల కూర్చున్నాను. సాయంత్రం జమ్మి తీసుకుని అందరూ ఆ దారినే వస్తారు, చదువుతారు, ఒక పెద్ద గొడవ అవుతుంది. అవనీ అనుకున్నాను.

పొద్దుగూకింది. గుంపు మాటలు వినిపించాయి. స్తంభం దగ్గరికి వచ్చి ఆ మాటలు ఆగిపోయాయి. రామలింగం సారు గొంతు పైకి చదవడం వినిపించింది, ఏం చదివాడో వినపడలేదు. ఇక వచ్చారు నా పనైపోయింది అనుకున్నాను. షట్టరు కిందనుంచి కాళ్లు కనిపించాయి, చాలా కాళ్లు. "శకుంతలమ్మా, షట్టరు ఎత్తు" అన్నాడు సారు.

ఎత్తాను. ఆయన చేతిలో జమ్మి ఆకు. ముందు నా చేతిలో పెట్టి "బంగారమమ్మా" అన్నాడు. దసరా నాడు జమ్మి ఇస్తే పగవాడైనా తీసుకోవాల్సిందే కదా, తీసుకున్నాను. అప్పుడన్నాడు, "గింత పని జేసి మాకు ఒక్క మాటన్న చెప్పకపోతివి. ఆ పొద్దు మండపం కాడ నేను గట్ల మాట్లాడకపోదును." యాకయ్య వంగి నా కాళ్లకు దండం పెట్టాడు. "గేటుకనుకున్నం అక్కా ఆ స్తంభాలు. మీ నాయిన పేరు పెట్టెతందుకని మాకేం తెలుసు!" అన్నాడు. తేజస్వి వచ్చి నన్ను వాటేసుకుని "సారీ ఆంటీ, మేమే తప్పుగా అనుకున్నాం" అంది. ఆడవాళ్లు అందరూ వరసగా జమ్మి పెడుతున్నారు. నా రెండు చేతులూ ఆకులతో నిండిపోయాయి. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు.

అందరూ అటు పక్కకు జరిగాక స్తంభం దగ్గరికి పోయాను. రామలింగం సారు అద్దాలు అడిగి తీసుకుని చదివాను.

"కీర్తిశేషులు వెంకట్రాజం గారి జ్ఞాపకార్థం."

అంతే ఉంది! స్వంతం లేదు, రారాదు లేదు. ఒరేయ్, ముప్పై ఏళ్లుగా ఎవరైనా పోయినవాళ్ల పేరున గుడికో, పెళ్లికో, బంధువులకో సామాను పంచడానికి వస్తే "కీర్తిశేషులు ఫలానా గారి" అన్నాక "జ్ఞాపకార్థం" అనే కొట్టాను. ఇంకోటి ఎప్పుడూ కొట్టలేదు. నా బుద్ధి కోపంలో ఉంది గానీ నా చెయ్యి దాని అలవాటు ప్రకారం అది పోయింది. ఈ గల్లీలో ఏ ఇంట్లో చూసినా అట్లాంటి పళ్లెం ఒకటైనా ఉంటుంది. జ్ఞాపకార్థం అని ఉందంటే అది పంచిపెట్టిన సామాను అని చంటిపిల్లకు కూడా తెలుసు. పైగా పసుపు, కుంకుమ, బంతిపూల దండ! దారిని ఇచ్చేశామనుకోక ఏమనుకుంటారు?

చెప్పాలనుకున్నాను. ఇది పొరపాటు, ఇవ్వలేదు అని. నోరు తెరిచాను కూడా. యాకయ్య అప్పుడే "రేపు పొద్దుగాల మొరం ట్రాక్టరు నాది, మా బామ్మర్ది బండి ఉన్నది" అంటున్నాడు. "రోలరు మాది" అంది తేజస్వి. నా నోరు మూతపడింది. నవ్వు వచ్చింది, దాని వెనకే ఏడుపు వచ్చింది. నెల రోజుల నుంచి గుండె మీద పెట్టుకున్న బరువు ఎవరో రెండు చేతులతో ఎత్తి పక్కన పెట్టినట్టు అయింది. సిగ్గు లేకుండా చెబుతున్నాను, హాయిగా అనిపించింది.

నిన్న నిజంగానే మొరం వచ్చింది. రామలింగం సారు పంచె ఎగ్గట్టి పార పట్టుకున్నాడు. అది మనదని అన్నన్ని రోజులు ఒక్కరు పిడికెడు మన్ను వెయ్యలేదు. మనది కాదని తెలిసిన తెల్లారే గుంతలు పూడిపోయాయి. దీన్ని ఏమనాలో నాకు తెలియడం లేదు.

ఇక అసలు మాట. సగం నీది. నీది కానిదాన్ని ఇచ్చే హక్కు నాకు లేదు. నా చెయ్యి నీ భాగం కూడా ఇచ్చేసింది. నువ్వు వద్దంటే వద్దు. ఆ పళ్లెం విప్పి, గల్లీ మధ్యలో నిలబడి, పొరపాటున కొట్టాను అని నేనే అందరికీ చెబుతాను. మళ్లీ ఎవరూ పలకరు, ఫరవాలేదు. కానీ నీతో చెప్పకుండా దాచి ఉంచలేను. నువ్వు ఏమంటే అది. నీ జవాబు వచ్చేదాకా నాకు నిద్ర లేదు.

నీ అక్క, "గారు" కాని
శకుంతల

*

మరిపెడ,
9 అక్టోబరు 2025

అక్కా, నా బంగారు అక్కా!

నీ ఉత్తరం చదివి నేను నవ్విన నవ్వుకు రమ వంటింట్లోంచి గరిటెతో పరుగెత్తుకొచ్చింది, ఈసారి గ్యాసు నాకు వచ్చిందేమోనని. దాన్ని కూడా కూర్చోబెట్టి చదివి వినిపించాను. "జ్ఞాపకార్థం" దగ్గర అది కళ్లు తుడుచుకుంది. తర్వాత నేనూ తుడుచుకున్నాను. ఆ "గారు" ఉత్తరం పొయ్యిలో పెట్టు, నీ కాళ్లు మొక్కుతాను. అది పోస్టు చేసిన రోజు నుంచి నాకు బువ్వ సయించలేదు. ఫోన్ చేసి ఒక్కమాట అడిగితే తేలిపోయేది. చేతిలో ఫోను పట్టుకుని ఎన్నిసార్లు కూర్చున్నానో! ఒట్టు గుర్తొచ్చేది, కోపం గుర్తొచ్చేది, కింద పెట్టేసేవాణ్ని. నాన్న మనల్ని ఎట్లా కట్టేసి పోయాడో చూశావా? కాగితం మీద అరవడం చేతకాదన్నాడు గానీ, ఆయనకు మన సంగతి తెలియదు.

నా సగం గురించి నిద్ర పోగొట్టుకోకు. పళ్లెం విప్పితే ఊరుకోను. వచ్చే సోమవారం బస్సెక్కుతాను. ఎక్కడ సంతకం పెట్టమంటే అక్కడ పెడతాను. ఆలస్యంగానైనా నిన్న రాయమల్లు దగ్గరికి దసరా జమ్మి పట్టుకుని పోయాను. ఆ రోజు గేటు తెరిచినందుకు ఏమిచ్చి తీర్చుకోను అని అడిగితే, "నాకెందుకయ్యా, ఇంకెవలకన్న నువ్వు తెరువు" అన్నాడు. అక్కడి నుంచి ఇంటికొచ్చేసరికి నీ ఉత్తరం గుమ్మంలో ఉంది. ఇక నేను అనడానికి ఏముంటుంది?

అయినా నా బుద్ధి పోనిచ్చుకోను, ఒకటి అడుగుతాను. ఈ మొరం పండగ ఉత్సాహం. నాలుగు రోజులకు చల్లారుతుంది. ఒక్క గట్టి వాన పడితే మళ్లీ గుంతలు, మళ్లీ "నీ తొవ్వ నువ్వు చేయించుకో అక్కా" అంటారు. కార్పొరేషన్ పేరు మీదికి మారినా వాళ్ల వరస వచ్చేదాకా ఎవరు చూస్తారు? రాసి పెట్టుకో, మళ్లీ నువ్వే డ్రమ్ము అడ్డం పెడతావు. ఇవ్వొద్దని అనడం లేదు. ఇద్దాం. కానీ కళ్లు తెరిచి ఇద్దాం.

మోకాళ్లకు నూనె రాసుకుంటున్నాను. ఈసారి నిజం.

నీ తమ్ముడు
ఓంప్రకాశ్

తాజా కలం: పళ్లెం మీద నా పేరు లేదని బాధ లేదు. కొంచెం ఉంది.

*

వరంగల్,
6 నవంబరు 2025

ప్రియమైన తమ్ముడికి,

నువ్వు సంతకం పెట్టి బస్సెక్కినప్పుడు నీ జేబులో పెట్టిన మరమరాల లడ్డూలు రమకు చేరాయా, దారిలోనే అయిపోయాయా?

ఇవాళ కార్పొరేషన్‌లో కాగితాలు తీసుకున్నట్టు ముద్ర వేసి ఇచ్చారు. "సిమెంటు రోడ్డు వరసల పెడతం. ఇగ అది మీది కాదమ్మా" అన్నాడు ఆ ఇంజనీరు. ఆ మాటకు గుండె కలుక్కుమంటుందని భయపడుతూ పోయాను. ఏమీ అనిపించలేదు. బయటికొచ్చి ఒక కప్పు చాయ్ తాగాను, తియ్యగా ఉంది.

నువ్వు అడిగినదానికి జవాబు వానే చెప్పింది. తుఫానుకు ఊరంతా నీళ్లు నిలిచిన సంగతి ఫోన్లో విన్నావు కదా. మన దారిలో సగం మొరం కొట్టుకుపోయింది, దాచను. నీళ్లు దుకాణం మెట్టు దాకా వచ్చాయి. నీ మాటే నిజమైందిరా అనుకుని నేను డ్రమ్ము కోసం వెతుకుతున్నాను. బయట చప్పుడైతే చూశాను. రామలింగం సారు గొడుగు పట్టుకుని నిలబడి "ఇట్ల తవ్వుండ్రి, అట్ల తవ్వుండ్రి" అని అరుస్తున్నాడు. యాకయ్య, ఫ్లాట్ల కుర్రాళ్లు పక్కన కాలువ తీస్తున్నారు. నన్ను ఎవరూ పిలవలేదు, ఎవరూ అడగలేదు, ఎవరూ తిట్టలేదు. అరే, నన్ను పట్టించుకున్నవాడే లేడు! అంత సంతోషం నాకు ఈ మధ్య ఎప్పుడూ కలగలేదు. మిర్చి బజ్జీలు వేయించి పంపాను. అందరూ ఎప్పుడూ ఇట్లాగే ఉంటారని నేను అనను. ఫ్లాట్లలో ఇద్దరు మొరానికి ఇంకా ఏమీ ఇవ్వలేదట, తేజస్వి వాళ్ల వెంటపడుతోంది. అది దాని తలనొప్పి, నాది కాదు.

అఖిల్ గేటు ఇనుమును దుకాణం ముందు బల్లగా చేసి ఇచ్చాడు. సాయంత్రం పూట సారు దాని మీదే కూర్చుని పేపరు చదువుతాడు. కార్తీకమాసం వ్రతాలకు ఇత్తడి చెంబులు బాగా పోతున్నాయి. ఆ సొట్టపడ్డ టిఫిన్ బాక్సు పిల్ల వచ్చింది, దానికి కొత్త బాక్సు ఇచ్చి పేరు కొట్టాను, ఈసారి అద్దాలు పెట్టుకుని.

అద్దాలు పెట్టుకునే నిన్న ఇంకో పని చేశాను. పళ్లెం విప్పించి తెచ్చి, నాన్న పేరు కింద నీ పేరు కొట్టబోయాను. సారు పరుగెత్తుకొచ్చాడు. "కీర్తిశేషులు అని ఉన్నకాడ బతికున్నోని పేరు రాస్తవామ్మా?" అని కేకలేశాడు. నిజమే కదా! అందుకని పేర్లు వద్దనుకున్నాను. నాన్న పేరు కింద చిన్న అక్షరాలతో "కొడుకు, బిడ్డ" అని కొట్టాను, అంటే నువ్వు, నేను. నీ మాట ముందు వచ్చింది చూశావా? నీ కొంచెం బాధ కూడా తీరాలి మరి.

ఇది దారి గురించి నేను రాసే ఆఖరి ఉత్తరం. ఆస్తి మాట అయితేనే కాగితం అని కదా నాన్న ఒట్టు? ఇప్పుడది మన ఆస్తి కాదు. రేపు పొద్దున ఫోన్ చెయ్యి. గేటు పెట్టమని నువ్వు అన్న రోజు నుంచి ఇప్పటిదాకా నీ మీద అరవాల్సింది నా దగ్గర చాలా ఉంది.

నీ
అక్క